కవి కనిపించని బజారు

2009 జూన్ 8న భోపాల్‌లో హబీబ్ తన్వీర్ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు ఎనభై అయిదు. రెండు నెలలు తిరిగేసరికి, ఆయన పుట్టి పెరిగిన నేల మీదే, ఆయన పేరును దేశం ఎల్లలు దాటించిన ‘చరణ్‌దాస్ చోర్’ నాటక పుస్తకంపై ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆంక్ష విధించింది. బడుల్లో, గ్రంథాలయాల్లో దాన్ని చదవరాదన్నది ఆదేశం. సత్నామీ గురువుల అభ్యంతరాన్ని కారణంగా చూపారు. ఆ నాటకంలో ఒక దొంగ, ఇకపై అబద్ధమాడనని గురువుకు మాటిస్తాడు. బంగారు పళ్లెంలో తినను, ఏనుగెక్కి ఊరేగను, రాణిని పెళ్లాడను, రాజ్యమిచ్చినా తీసుకోను అని వేళాకోళంగా మరికొన్ని ఒట్లు కూడా పెట్టుకుంటాడు. దొంగకు అవేవీ ఎలాగూ దక్కవు కదా! కథ సాగేకొద్దీ అవన్నీ ఒక్కొక్కటే అతని ముంగిటికి వస్తాయి. అన్నిటినీ కాదన్నందుకు ప్రాణం పోతుంది. సత్యమే దైవమని చాటే సత్నామీల పంథీ పాటలే ఆ నాటకానికి ఊపిరి. పాలించేవారి ఎదుట నిలబడి నిజం చెప్పినవాడికి ఏ గతి పడుతుందో చూపిన నాటకానికి, రాసినవారు బదులు చెప్పలేని తరుణంలో, ఇంచుమించు అదే గతి పట్టింది.

ఆ వార్త పత్రికల్లో కొన్నాళ్లు నలిగింది. అంత చర్చకు రాని మరో రాతప్రతిని కూడా తన్వీర్ వదిలి వెళ్లారు. అది ఉర్దూలో రాసుకున్న ఆత్మకథ. దానికి ఆయన పెట్టుకున్న పేరు ‘మట్‌మైలీ చదరియా’. మట్టి అంటి మాసిన దుప్పటి అని అర్థం. కబీరు గుర్తుకు రాక మానడు. దేవుడిచ్చిన దేహమనే వస్త్రాన్ని మరక పడకుండా తిరిగి అప్పగించానన్న ఆ నేతగాడి మాటను తన్వీర్ తిరగేశారు. తన దుప్పటి మాసింది, ఆ మాపే రాయదగిన విషయం అనుకున్నారు. మూడు సంపుటాలుగా రాయాలన్నది సంకల్పం. పూర్తయింది ఒకటే. మహమూద్ ఫారూఖీ చేసిన ఇంగ్లీషు అనువాదాన్ని 2013లో పెంగ్విన్ ప్రచురించింది.

అరవై ఏళ్లపాటు ఇతరుల నోట పలికే మాటలు రాసిన మనిషికి, జీవితపు చివరి అంచున, తన మాట తానే రాసుకోవాలన్న ఇష్టం ఎలా పుట్టింది? వృద్ధాప్యం అందరినీ వెనక్కి చూసేలా చేస్తుందన్నది సులువైన జవాబు. అయితే వృద్ధాప్యం అందరికీ వస్తుంది, అందరూ ఇలా రాయరు. దేశ రాజకీయాల్లో పండిపోయిన పెద్దలు వెలువరించే ఆత్మకథలే ఇందుకు సాక్ష్యం. వాటిలో సమావేశాలుంటాయి, లేఖలుంటాయి, ప్రత్యర్థికి ఇవ్వాల్సిన జవాబులుంటాయి. మనిషి మాత్రం ఎక్కడో నాలుగో అధ్యాయం దాటాక ఒకసారి తొంగిచూసి మాయమవుతాడు. ఒకే వృత్తిలో ఒకే గొంతుతో ముప్పై నలభై ఏళ్లు మాట్లాడినవారికి ఆ గొంతే తానన్న భ్రమ కలుగుతుంది. తన్వీర్‌కు ఆ అవకాశం దొరకలేదు. జీవితం ఆయన చేత అనేక వేషాలు వేయించింది.

1923 సెప్టెంబరు 1న రాయ్‌పూర్‌లో పుట్టారు. తండ్రి పెషావర్ నుంచి వచ్చి స్థిరపడినవారు, తల్లిది రాయ్‌పూరే. ఇంటిపేరుతో కలిపి హబీబ్ అహ్మద్ ఖాన్. కవిత్వం రాయడం మొదలయ్యాక ‘తన్వీర్’ వచ్చి చేరింది, వెలుగు అని దాని అర్థం. లారీ మునిసిపల్ హైస్కూలులో చదువు, నాగపూర్ మోరిస్ కళాశాలలో 1944లో బి.ఏ., అలీగఢ్‌లో ఎం.ఏ. తొలి ఏడాది. అక్కడితో చదువు ఆగింది. 1945లో బొంబాయి చేరారు. ఆకాశవాణిలో కార్యక్రమాలు రూపొందించారు, సినిమాలకు పాటలు రాశారు, సినిమా పత్రికలకు సమీక్షలు రాశారు, తెర మీద చిన్న వేషాలు వేశారు. అభ్యుదయ రచయితల సంఘంలోను, ప్రజా నాటక సంఘమైన ఇప్టాలోను తిరిగారు. 1940ల చివర కమ్యూనిస్టుల మీద నిర్బంధం సాగి ఇప్టా ముఖ్యులు జైళ్లలో ఉన్నప్పుడు, ఆ సంస్థ బరువు కొంతకాలం ఈ పాతికేళ్ల యువకుడి భుజాల మీద పడింది. ఆ కాలపు ఆంధ్ర ప్రజానాట్యమండలి అనుభవం ఎరిగినవారికి ఆ బరువు ఎంతటిదో వేరే చెప్పక్కర్లేదు. ‘మా భూమి’ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించిన రోజులవి.

ఈ పనుల్లో ప్రతి ఒక్కటీ ఒక రకం రాతను నేర్పుతుంది. రేడియోకు రాసేవాడు వినేవాడి ముఖం చూడకుండా అతని చెవిని పట్టుకోవాలి, అదీ నిమిషాల లెక్కన. సినిమా పాట రాసేవాడు ముందే కట్టిన బాణీలో మాటను ఇరికించాలి. సమీక్షకుడు రాత్రి చూసిన సినిమా మీద తెల్లవారేలోగా ఒక అభిప్రాయానికి రావాలి. వీధి నాటకం రాసేవాడికి పోలీసు వచ్చేలోగా ముగింపు దొరకాలి! అన్నిటిలోనూ యజమాని ఒకడుంటాడు, అది ఆకాశవాణి కావచ్చు, నిర్మాత కావచ్చు, సంపాదకుడు కావచ్చు, ఉద్యమం కావచ్చు. యజమాని లేని రాత ఎలా ఉంటుందన్న కుతూహలం అలాంటివాడికే ఎక్కువ. ఒకే కొలువులో కుదురుకున్నవాడు తన గొంతును ఆ కొలువు గొంతుతో పోల్చి చూసుకునే సందర్భమే రాదు. కొలువు మారినప్పుడల్లా గొంతు మార్చుకున్నవాడికి మాత్రం, ఇన్ని మారినా మారకుండా మిగిలిందేమిటన్న ప్రశ్న తప్పదు. స్వీయరచన మీద మమకారం పుట్టేది ఆ ప్రశ్న నుంచే.

అయితే తన్వీర్ ఆ ప్రశ్న దగ్గరికి వెంటనే వెళ్లలేదు. 1954లో ఢిల్లీ చేరి, జామియా మిలియా విద్యార్థులను, దగ్గరలోని ఓఖ్లా గ్రామస్థులను కలిపి ‘ఆగ్రా బజార్’ ఆడించారు. పద్దెనిమిదో శతాబ్దపు కవి నజీర్ అక్బరాబాదీ మీద నాటకం అది. రొట్టెల మీద, దోసకాయల మీద, ఎలుగుబంటి పిల్ల మీద పద్యాలు చెప్పినవాడు నజీర్. పండిత విమర్శకులు అతన్ని చాలాకాలం కవుల వరసలో కూర్చోబెట్టలేదు. నాటకంలో ఒక దోసకాయలు అమ్మేవాడు సరుకు కదలక, తన కాయల మీద పద్యం చెప్పించుకోవాలని కవుల కోసం తిరుగుతుంటాడు. వేదికకు ఒక కొసన పుస్తకాల దుకాణం, మరో కొసన గాలిపటాల దుకాణం. పుస్తకాల దుకాణంలో పెద్దలు భాష క్షీణించిందని వాపోతుంటారు. బజారంతా నజీర్ పాటలతో మార్మోగుతుంటుంది. చిత్రమేమిటంటే, నాటకం మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా నజీర్ ఒక్కసారి కూడా వేదిక మీదికి రాడు. కవి ఎవరో తెలియాలంటే అతని బజారును చూడాలి, అంతే.

ఆ తరువాత 1955లో ఇంగ్లండు వెళ్లి రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమటిక్ ఆర్ట్‌లో చేరారు. ఆపై బ్రిస్టల్ ఓల్డ్ విక్‌లో చదువు. అటుపై చిల్లర పనులతో దారి ఖర్చులు సంపాదించుకుంటూ ఐరోపా అంతా తిరిగారు. 1956లో బెర్లిన్ చేరేసరికి బ్రెష్ట్ చనిపోయి ఎన్నో రోజులు కాలేదు. ఎనిమిది నెలలు అక్కడే ఉండి బ్రెష్ట్ నాటకాలన్నీ చూశారు. ఇంగ్లండు చదువు నేర్పనిది బెర్లిన్ నేర్పిందంటారు విమర్శకులు. బెర్లిన్ సైతం నేర్పలేనిది రాయ్‌పూర్‌లో ఎదురు చూస్తోంది.

1958లో తిరిగి వచ్చి సొంత ఊరు వెళ్లారు. తాను చదివిన హైస్కూలు మైదానంలోనే ఆ రాత్రి ‘నాచా’ ఆడుతున్నారని తెలిసింది. నాచా అంటే ఛత్తీస్‌గఢీ పల్లెల ఆట. ఉత్తరాంధ్ర తూర్పు భాగోతం చూసినవారు దాన్ని తేలిగ్గానే ఊహించుకోగలరు. రాత్రంతా సాగుతుంది, ‘జోక్కడ్’ అనే హాస్యగాడు, ‘పరీ’ అనే ఆడవేషం కట్టిన మగవాడు, వారి చుట్టూ అప్పటికప్పుడు అల్లుకునే ప్రహసనాలు. లండన్, బ్రిస్టల్, బెర్లిన్‌లు చూసి వచ్చిన మనిషి తెల్లవారేదాకా కూర్చున్నారు. ఠాకుర్ రామ్, మదన్‌లాల్, భుల్వా రామ్, బాబూ దాస్, జగ్‌మోహన్, లాలూ రామ్‌లను వెంటబెట్టుకుని ఢిల్లీ వెళ్లారు. శూద్రకుని మృచ్ఛకటికాన్ని ‘మిట్టీ కీ గాడీ’గా వారితో ఆడించారు. 1959లో మోనికా మిశ్రాతో కలిసి నయా థియేటర్ స్థాపించారు.

ఇక్కడ సంబరపడి ఆగిపోతే కథ అబద్ధమవుతుంది. ఆ తరువాతి పదేళ్లు దాదాపు వైఫల్యమే. పల్లెలో వేలమందిని నవ్వించి ఏడిపించిన ఠాకుర్ రామ్ ఢిల్లీ వేదిక మీద బిగుసుకుపోయేవాడు. కారణం తెలియడానికి తన్వీర్‌కు ఏళ్లు పట్టింది, తెలిశాక దాన్ని దాచుకోలేదు. ఛత్తీస్‌గఢీ తప్ప మరో భాష నోట పలకని నటుల చేత హిందీ మాట్లాడించడం మొదటి తప్పు. మూడు వైపులా జనం కూర్చోగా ఎటు పడితే అటు కదిలే అలవాటున్నవారిని, గీత గీసినట్టు ఇక్కడ నిలబడు, అటు తిరుగు అని ఆజ్ఞాపించడం రెండో తప్పు. రాయల్ అకాడమీ నేర్పిన విద్యే అడ్డుగోడ అయింది. 1973లో రాయ్‌పూర్‌లో నెల రోజుల నాచా శిబిరం పెట్టి, నటులకు వారి భాష, వారి కదలిక తిరిగి ఇచ్చేశారు. ‘గావ్ కే నావ్ ససురాల్, మోర్ నావ్ దామాద్’ అక్కడ పుట్టింది. రెండేళ్లకు ‘చరణ్‌దాస్ చోర్’. 1982లో ఎడిన్‌బరో ఫ్రింజ్ ఫస్ట్ పురస్కారం.

ఆత్మకథకూ ఈ వైఫల్యానికీ సంబంధం లేదనుకోవడం పొరపాటు. తన భాషలో తాను నిలబడితే తప్ప నటుడు నటుడు కాడని తెలుసుకున్న దర్శకుడు, ఆ సూత్రాన్ని ఎప్పటికైనా తనకు తాను అన్వయించుకోక తప్పదు. సమీక్షలు, పార్లమెంటు ప్రసంగాలు, ఇంటర్వ్యూలు ఇంగ్లీషులోనో హిందీలోనో సాగాయి. తన కథ మాత్రం ఇంట్లో విన్న ఉర్దూలో రాశారు. ఆ సంపుటి బరువు కూడా కీర్తి వచ్చిన రోజుల మీద పడలేదు. రాయ్‌పూర్ బాల్యం, బంధువులు, బడి పంతుళ్లు, వీధి మనుషులు, ఆపై బొంబాయి తొలి రోజులు. పద్మభూషణుడి గాథ కోసం పుస్తకం తెరిచిన పాఠకుడికి చిన్న ఊరి జనాభా లెక్క ఎదురవుతుంది. కొందరు సమీక్షకులకు ఇది నిరాశ కలిగించినా ఆశ్చర్యం లేదు. ‘ఆగ్రా బజార్’ చూసినవారికి మాత్రం ఇందులో వింత ఏమీ తోచదు. యాభై ఏళ్ల కిందట కవిని చూపకుండా బజారును చూపినవారు, తన వంతు వచ్చేసరికి అదే పని చేశారు.

రాయ్‌పూర్‌కు పశ్చిమంగా డెబ్బై కిలోమీటర్ల దూరంలో ఉన్న రాజనందగావ్‌లో ఈ సంగతికి మరో సాక్ష్యముంది. గజానన్ మాధవ్ ముక్తిబోధ్ 1958లో అక్కడి దిగ్విజయ్ కళాశాలలో అధ్యాపకుడిగా చేరేనాటికి నలభై నిండాయి. అప్పటికే ఊరూరా బడిపంతులు ఉద్యోగాలు, బనారసులో ‘హంస్’ పత్రిక, నాగపూర్‌లో ప్రభుత్వ సమాచార శాఖ, ఆకాశవాణి వార్తా విభాగం, ‘నయా ఖూన్’ వారపత్రిక సంపాదకత్వం అయిపోయాయి. మారుపేర్లతో రాజకీయ వ్యాఖ్యలు రాసేవారు. ‘ఏక్ సాహిత్యిక్ కీ డాయరీ’ ఆ తిరుగుళ్ల పంటే. పేరుకు డైరీ, చదివితే తనతో తాను పడే వాదన. ఎదుట ఒక మిత్రుణ్ని కూర్చోబెట్టుకుని, అతని చేత తనను నిలదీయించుకుంటారు. పత్రికాఫీసులో పగలంతా ఒక పక్షం తరఫున రాసినవాడికి, రాత్రి ఇంటికి చేరాక రెండో పక్షం వినిపించక మానదు. 1962లో ఆయన రాసిన చరిత్ర పాఠ్యపుస్తకాన్ని అప్పటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. రెండేళ్లకే, 1964 సెప్టెంబరులో, నలభై ఏడు నిండకుండానే పోయారు. పాఠ్యపుస్తకానికి నిషేధం, నాటకానికి నిషేధం. మధ్యలో నలభై ఏడేళ్లు గడిచాయి, రాష్ట్రం పేరు మారింది, పార్టీలు మారాయి.

నానా ఉద్యోగాలు చేస్తేనే మంచి స్వీయరచన వస్తుందని దీన్నిబట్టి తీర్మానిస్తే, రాయ్‌పూర్ నగరమే కాదంటుంది. వినోద్ కుమార్ శుక్ల అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ అదే ఊళ్లో జీవితం గడిపారు. ఇల్లు, కిటికీ, గోడ, చొక్కా, గుమాస్తా జీతం చాలాయనకు. వాటితోనే జ్ఞానపీఠం దాకా వెళ్లారు. యవ్వనంలో రాజనందగావ్‌లో ముక్తిబోధ్ దగ్గర కవిత్వం చూపించుకున్నది కూడా ఆయనే. కదలని మనిషికి లోతు దొరకవచ్చు. కదిలిన మనిషికి దొరికేది వేరు, తానొక్కడే లోకం కాదన్న ఎరుక. ఆత్మకథకు ఆ ఎరుకే ఎక్కువ అవసరం, ఎందుకంటే ఆ ప్రక్రియకు మొదటి శత్రువు రాసేవాడి అహంకారమే.

తెలుగులో ఇందుకు ఉదాహరణలు వెతుక్కోనక్కర్లేదు. వేదం, సంస్కృతం, ఆయుర్వేదం, అవధానం, ఖద్దరు దుకాణం, ‘ప్రబుద్ధాంధ్ర’ పత్రిక, ఇన్నిటి గుండా నడిచిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి రాసిన ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ చదివితే, ఆయన కన్నా ఆయన చుట్టూ ఉన్న గోదావరి జిల్లా ఇళ్లే ఎక్కువ గుర్తుండిపోతాయి. ప్రజానాట్యమండలి బుర్రకథకుడు షేక్ నాజర్ జీవితం ‘పింజారి’గా మరొకరి కలం ద్వారా వెలువడింది. చెప్పిన గొంతు మాత్రం నాజర్‌దే. ఆదిభట్ల నారాయణదాసు ‘నా యెఱుక’ తొలి ముప్పై ఏళ్లతోనే ఆగింది. మంచి ఆత్మకథలు సగంలో ఆగిపోవడం ఒక ఆనవాయితీ కాబోలు. వృత్తులు ఎక్కువైనవారికి చెప్పాల్సింది ఎక్కువ, మిగిలిన కాలం తక్కువ.

తన్వీర్ విషయంలో ఆ ఆగిపోవడం వల్ల కలిగిన నష్టం కేవలం సాహిత్యానిది కాదు. 1972 నుంచి 1978 దాకా ఆయన రాజ్యసభలో రాష్ట్రపతి నామినేట్ చేసిన సభ్యుడు. నయా థియేటర్ పూర్తికాలపు సంస్థగా నిలదొక్కుకున్నది ఆ ఏళ్లలోనే. ‘చరణ్‌దాస్ చోర్’ వేదికనెక్కింది 1975లో. ఆ ఏడు జూన్‌లో అత్యవసర పరిస్థితి వచ్చింది. ప్రతిపక్షం జైలులో ఉండగా నడిచిన సభలో, నామినేట్ అయిన సభ్యుడిగా, పాతికేళ్ల కిందట సహచరుల నిర్బంధం చూసినవాడిగా, ఆయన ఏమనుకున్నారు? రాజు గారి మాట వినని దొంగ కథను రాత్రిపూట ఆడించి, పగలు సభలో కూర్చున్నప్పుడు మనసు ఎలా ఉండేది? మౌనం పాటించారా, పాటిస్తే దాన్ని తనకు తాను ఎలా చెప్పుకున్నారు? మాసిన దుప్పటి అన్న పేరు పెట్టుకున్న మనిషి ఆ మరకను దాటవేసి ఉండేవారని అనుకోవడం కష్టం. అలాంటి పుట ఒక్కటి దొరికినా ఆ కాలం గురించి వచ్చిన అనేక నాయకుల జ్ఞాపకాల కన్నా విలువైనదయ్యేది. ఆ పుటలు తరువాతి సంపుటాల్లో రావలసినవి.

అలాగే ‘పోంగా పండిత్’ మాట. 1930లలో సుఖ్‌రామ్, సీతారామ్ అనే నాచా కళాకారులు అల్లిన ఆ ప్రహసనం అంటరానితనం మీద ఎక్కుపెట్టినది. ఛత్తీస్‌గఢ్ పల్లెలు దశాబ్దాల పాటు చూసి నవ్వుకున్నాయి. 1992 తరువాత, దాన్ని ఆడిస్తున్నవారి పేరు హబీబ్ అన్నది హఠాత్తుగా సమస్య అయింది. 2003లో మధ్యప్రదేశ్ పర్యటనలో సంఘ్ పరివార్ శ్రేణులు ప్రదర్శనలను అడ్డుకున్నాయి. కుర్చీలు ఎగిరిన సభల్లో ఎనభై ఏళ్ల వృద్ధుడు నోట పైపుతో నిలబడి, జనం లేచిపోయినా ఆట ఆపవద్దని పట్టుబట్టారు. ఆ రాత్రులను ఆయన రాసి ఉంటే ఎలా రాసేవారు? తన మీద జరిగిన దాడిగానా, సుఖ్‌రామ్ సీతారామ్‌ల మీద జరిగిన దాడిగానా? మొదటి సంపుటి పద్ధతి చూస్తే రెండోదే అయివుండాలి.

విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు 1931 నాటికి రైలు మార్గం పూర్తయింది. ఆ దారిన వెళ్లి స్థిరపడిన తెలుగు రైల్వే కుటుంబాలు ఆ నగరంలో నేటికీ ఉన్నాయి. తన్వీర్ బాల్యపు రాయ్‌పూర్‌లో పెషావర్ పఠాన్లు, ఛత్తీస్‌గఢీ రైతులు, మరాఠీ ఉపాధ్యాయులు ఒకే వీధి పంచుకున్నారు. 2000 నవంబరు 1 తరువాత ఆ ఊరు ఒక రాష్ట్రానికి రాజధాని అయింది, రాజధానులకు చరిత్రలు రాయించుకునే అవసరం పడుతుంది. అలా రాయించిన చరిత్రల్లో పాత వీధి మనుషులకు చోటు దొరకడం కష్టం. వారు ఉన్నది ఆ ఒక్క ఉర్దూ సంపుటిలోనే. ‘చరణ్‌దాస్ చోర్’ నేటికీ ఆడుతూనే ఉంది.